బార్సిలోనా ఎప్పుడు వెళ్తే మేలు: వేసవి సెలవులా, ఆగస్టా, దసరానా, సంక్రాంతా?

ముందే చెప్పేస్తున్నా. పిల్లల్ని వెంటబెట్టుకుని హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చేవాళ్లకు మే 20 తర్వాత నుంచి జూన్ 10 లోపు చాలా మంచి సమయం. సముద్రంలో దిగి ఆడుకోవడమే అసలు కోరికైతే సెప్టెంబర్. ఖర్చు తగ్గాలి, జనం తోపులాట ఉండకూడదు అనుకుంటే జనవరి. జులై, ఆగస్టు మాత్రం సెలవులు అప్పుడే దొరికి వేరే దారి లేనివాళ్లకి. ఇది నా లెక్క. ఎందుకంటున్నానో ఒక్కో కాలం గురించి చెప్తా, మీ అవసరం వేరైతే మీ లెక్క మీరు వేసుకోండి.

ఫోన్‌లో వాతావరణం చూసి "ఆగస్టులో 29 డిగ్రీలేగా, మే నెలలో మేం 44 చూశాం, ఇదో లెక్కా" అనేవాళ్లు మన ఇళ్లల్లో చాలామందే ఉంటారు. ఆ 29 నిజమే. జులై, ఆగస్టుల్లో పగటి సగటు అటూ ఇటుగా అంతే ఉంటుంది. కానీ అది సముద్రం పక్కన ఉన్న ఊరి 29. గాలిలో తేమ ఎక్కువ, చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. వైజాగ్‌లో పెరిగినవాళ్లకు ఈ ఉక్కపోత గురించి విడిగా చెప్పక్కర్లేదు. అసలు ఇబ్బంది రాత్రిపూట. పాత బస్తీలో, అంటే గోతిక్ క్వార్టర్, రవాల్, బోర్న్ లాంటి చోట్ల, సందులు ఇరుకు, రాతి గోడలు పగలంతా తాగిన వేడిని రాత్రంతా వదులుతూ ఉంటాయి. ఉష్ణోగ్రత 20 కంటే దిగని రాత్రులు వరసగా వస్తాయి, కొన్ని రాత్రులు 25 కూడా దిగవు. మనింట్లో అయితే ఏసీ వేసుకుని పడుకుంటాం. ఇక్కడ చవకగా దొరికే పాత గదుల్లో చాలావాటికి ఏసీ ఉండదు, ఫ్యాన్ ఉంటే అదే గొప్ప. మెట్రో రైళ్లలో చల్లగానే ఉంటుంది కానీ రైలు కోసం ప్లాట్‌ఫామ్ మీద నిలబడే ఆ నాలుగు నిమిషాల్లో పసిపిల్లలు ఏడుపు అందుకుంటారు. పైగా మన ఊళ్లో 44 డిగ్రీల ఎండలో మనం ఎక్కడ తిరుగుతాం? ఇంట్లోనే కదా ఉంటాం. ఇక్కడికి వచ్చేదే నడవడానికి. పార్క్ గుయెల్ ఉన్నది కొండ మీద, మొంజుయిక్ ఇంకో కొండ, ఊరు వెనకాల టిబిడాబో 512 మీటర్లు. అదీగాక ఈ మధ్య ఎండలు ముదిరాయి. కొండమీదున్న ఫాబ్రా అబ్జర్వేటరీలో 2024 జులై 30న సరిగ్గా 40 డిగ్రీలు నమోదైంది. వందేళ్లకు పైగా ఉన్న వాళ్ల రికార్డుల్లో అంత వేడి అంతకుముందు లేదు.

ఆగస్టుకి ఇంకో చిక్కు ఉంది. ఊరివాళ్లు సగం మంది సెలవులకి వెళ్లిపోతారు. చిన్న కుటుంబాలు నడిపే హోటళ్లు, బేకరీలు షట్టర్ దించేసి ఫలానా తేదీ దాకా మూసి ఉంటుందని కాగితం అంటిస్తారు. మిగిలేది టూరిస్టుల కోసం పెట్టిన హోటళ్లు, వాటి రేట్లు. బార్సిలోనెటా బీచ్‌లో తువ్వాలు పరవడానికి చోటు వెతుక్కోవాలి, అక్కడ జేబుదొంగలకి అదే పండగ. అయితే ఆగస్టు మధ్యలో గ్రాసియా పేటలో జరిగే ఉత్సవం మాత్రం నిజంగా చూడాల్సిందే. వీధివీధికీ పోటీపడి కాగితం, వాడేసిన సీసాలు, అట్టపెట్టెలతో పందిళ్లలా అలంకరిస్తారు. ఒక వీధి అడవిలా ఉంటే పక్క వీధి సముద్రం అడుగులా ఉంటుంది.

డబ్లిన్‌లోనో, లండన్‌లోనో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉండే మనవాళ్లకి పిల్లల స్కూళ్లు మూసేది ఆ నెలల్లోనే కాబట్టి తప్పదు, అది నాకూ తెలుసు. అలాంటప్పుడు గది బుక్ చేసేముందు ఏసీ ఉందో లేదో చూడండి, మిగతావన్నీ ఆ తర్వాత. రెండోది గడియారం. స్పెయిన్ ఉన్న చోటుకి లండన్ సమయం సరిపోవాలి కానీ వాళ్లు జర్మనీ సమయం పెట్టుకున్నారు, దానిమీద వేసవిలో ఇంకో గంట. అందుకే ఇక్కడ వేసవిలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండింటికి కాదు, దాదాపు మధ్యాహ్నం రెండింటికి. మన అలవాటు ప్రకారం "నాలుగు అయింది, ఎండ తగ్గుంటుంది, పదండి" అని బయల్దేరితే అది మన రెండు గంటల ఎండతో సమానం. పొద్దున ఎనిమిదికే బయటపడి పన్నెండున్నరకల్లా గదికి చేరండి. మళ్లీ ఆరున్నర తర్వాతే.

ఇప్పుడు మే చివర, జూన్ మొదలు. మన దగ్గర బడులకి ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 11 దాకా సెలవులు కాబట్టి మనకు సరిగ్గా అతికే కాలం ఇదే. పగలు 22 నుంచి 25, రాత్రి 14 నుంచి 17. పగలు టీషర్ట్ చాలు, సాయంత్రం సముద్రం పక్కన కూర్చుంటే పల్చటి జాకెట్ కావాలి. సూర్యాస్తమయం రాత్రి తొమ్మిది దాటాక. దీని విలువ వచ్చేదాకా అర్థం కాదు. పొద్దున కాస్త బద్ధకంగా లేచినా, మధ్యాహ్నం పెద్దవాళ్లు ఓ గంట నడుం వాల్చినా, రోజు ఇంకా బోలెడు మిగిలే ఉంటుంది. రాత్రి ఎనిమిదిన్నరకి పిల్లలు వెలుతురులో ఇసుకలో ఆడుకుంటూ ఉంటారు. మే మధ్యలో వస్తే జిరోనా ఊరంతా పూలతో నింపే ఉత్సవం కూడా అందుతుంది, రైల్లో గంట కూడా పట్టదు.

మరి లోటు ఏంటంటే, నీళ్లు. ఇక్కడే మనవాళ్లు నిరాశపడతారు. ఎండ కాస్తోంది, ఇసుక వెచ్చగా ఉంది, నీళ్లలో కాలు పెట్టగానే వెనక్కి గెంతుతారు. మే చివర సముద్రం 18 డిగ్రీల దగ్గర ఉంటుంది, జూన్ పదో తారీఖుకి 20. మన వైజాగ్ నీళ్లు వేసవిలో 28 పైనే ఉంటాయి, ఆ అలవాటుతో వచ్చే ఒంటికి ఈ 18 చాలా చలి. కారణం పెద్దదేం కాదు. పెళ్లింట్లో పొయ్యి మీద పెట్టిన పెద్ద గుండిగ ఎంతకీ కాగదు, కాగాక ఎంతకీ చల్లారదు కదా, సముద్రం కూడా అంతే. ఒడ్డు మేలోనే వెచ్చబడుతుంది, నీళ్లు పూర్తిగా వెచ్చబడేసరికి ఆగస్టు వస్తుంది. ఆ వేడి మళ్లీ అక్టోబర్ దాకా పోదు. సెప్టెంబర్‌ని నేను అంతగా వెనకేసుకురావడానికి మూలం ఇదే.

జూన్‌లో ఇంకో రెండు సంగతులు. మే చివర, జూన్ మొదట్లో ప్రిమవేరా సౌండ్ అనే పెద్ద సంగీతోత్సవం జరుగుతుంది, ఆ రోజుల్లో గదుల ధరలు ఎగిరి కూర్చుంటాయి. ఊరికి దగ్గర్లోని మొన్మెలోలో ఫార్ములా వన్ కార్ల రేసు ఉన్న వారాంతం కూడా అంతే. తేదీలు చూసుకుని పక్కకి జరగండి. జూన్ 23 రాత్రి సాంత్ జోన్ పండగ. ఊరంతా మంటలు, బాణసంచా, జనమంతా బీచ్‌లోనే. మన భోగి, దీపావళి ఒకే రాత్రి వచ్చినట్టు హడావుడి. కుర్రాళ్లకి భలే ఉంటుంది, పసిపిల్లలున్నవాళ్లకి ఆ రాత్రి నిద్ర ఉండదు.

సెప్టెంబర్, అక్టోబర్. సెప్టెంబర్‌లో పగలు 26, నీళ్లు 24. ఎండా నీళ్లూ రెండూ ఇంత హాయిగా కుదిరే నెల ఇంకోటి లేదు. మధ్యధరా సముద్రంలో ఆటుపోట్లు చాలా తక్కువ, మామూలు రోజుల్లో అలలు కూడా మెత్తగానే ఉంటాయి. ఆర్కే బీచ్‌లో పిల్లల చెయ్యి వదలాలంటే భయపడే తల్లిదండ్రులకి ఇక్కడ కాస్త ఊపిరాడుతుంది. అలాగని జెండా రంగు చూడకుండా దిగొద్దు, ఎర్రజెండా ఉంటే ఇక్కడా దిగకూడదు.

సెప్టెంబర్ 24 చుట్టూ ఊరి ఇలవేల్పు పండగ, లా మెర్సే. మనుషుల గోపురాలు కట్టడం ఆ పండగలో చూడొచ్చు. మన ఉట్టి కొట్టే పిరమిడ్ చూసినవాళ్లు కూడా దీన్ని చూసి నోరు తెరుస్తారు. అడుగున వందమందికి పైగా ఒకరి వీపుకి ఒకరు ఛాతీ ఆనించి బిగుసుకుని నిలబడతారు. నడుముకి పొడుగాటి నల్లగుడ్డ గట్టిగా చుట్టుకుంటారు, పైకెక్కేవాళ్లు ఉత్తకాళ్లతో ఆ గుడ్డ మీదే కాలు మోపి ఎక్కుతారు. సన్నాయిలాంటి వాయిద్యం మోగుతుంటే, హెల్మెట్ పెట్టుకున్న చిన్నపిల్లో పిల్లాడో చివరికంటా పాకి, చెయ్యి పైకెత్తి, అవతలి వైపు నుంచి జారుకుంటూ దిగిపోతారు. దిగేటప్పుడే చాలా గోపురాలు కూలతాయి, అందుకే అప్పటిదాకా చప్పట్లు కొట్టాలనిపించదు. 2010లో యునెస్కో దీన్ని మానవజాతి వారసత్వంలో చేర్చింది. నన్నడిగితే ఈ ఒక్కదాని కోసం సెప్టెంబర్‌లో రావచ్చు.

అయితే వాన సంగతి దాచకూడదు. మనకి వాన అంటే జూన్ నుంచి సెప్టెంబర్. ఇక్కడ తిరగబడి ఉంటుంది. వేసవి ఎండిపోయి ఉంటుంది, జులైలో సగటున 20 మిల్లీమీటర్లు పడితే గొప్ప. సెప్టెంబర్, అక్టోబర్‌లలో నెలకి 80, 90 దాకా పడుతుంది. మన ముసురు లాగా రోజులకి రోజులు పట్టదు, ఒక పూట కుండపోతగా పడి మర్నాడు మళ్లీ ఎండ కాస్తుంది. వేసవంతా వేడెక్కిన సముద్రం మీదికి పైనుంచి చల్లగాలి వచ్చిందంటే మేఘాలు ఒక్కసారిగా విరగబడతాయి. కొన్నిసార్లు అది చాలా ప్రమాదం కూడా. 2024 అక్టోబర్ 29న దక్షిణంగా ఉన్న వాలెన్సియా ప్రాంతంలో వచ్చిన వరదల్లో 200 మందికి పైగా చనిపోయారు. ఫోన్‌కి ప్రభుత్వ హెచ్చరిక వస్తే ఆ రోజు ప్లాన్ మానేసుకోవాలి, టికెట్ డబ్బులు పోతే పోనీ. దసరా సెలవులు సెప్టెంబర్ చివర పడిన ఏడాది అదృష్టమే. అక్టోబర్ మధ్యలో పడితే నీళ్లు 21కి దిగుతాయి, పొద్దు ఏడింటికే పోతుంది, కానీ తిరగడానికి మాత్రం ఇంకా హాయిగానే ఉంటుంది.

చలికాలం. జనవరిలో పగలు 14, తెల్లవారుజామున 5 నుంచి 8. మంచు దాదాపుగా ఉండదు, ఎండ చాలా రోజులు ఉంటుంది. ఆదిలాబాద్, లంబసింగి చలి చూసినవాళ్లకి ఇది భరించలేని చలేం కాదు. పొద్దు ఎనిమిది దాటాక వస్తుంది, ఆరు లోపే పోతుంది, కాబట్టి రోజు చిన్నది. సముద్రం 13, దాన్ని చూసి ఊరుకోవాలి. కానీ సగ్రాదా ఫమీలియా చర్చి లోపలికి అడుగుపెట్టడానికి నాకు ఇదే ఇష్టమైన కాలం. తూర్పు కిటికీల్లో నీలం, ఆకుపచ్చ అద్దాలు, పడమటి వైపు ఎరుపు, నారింజ. శీతాకాలంలో సూర్యుడు కిందుగా నడుస్తాడు, మధ్యాహ్నం మూడు దాటేసరికే పడమటి ఎరుపు ఏటవాలుగా లోపలికి పడి స్తంభాల మీద, నేల మీద, పక్కన నిలబడ్డ మనిషి మొహం మీద పాకుతుంది. వేసవిలో ఆ రంగు కావాలంటే సాయంత్రం బాగా పొద్దుపోయేదాకా ఆగాలి, ఆ వేళ టికెట్లు ఎప్పుడో అయిపోతాయి.

శాకాహారులకి ఇంకో సంతోషం. జనవరి నుంచి మార్చి దాకా కల్సోట్లు దొరుకుతాయి, పొడుగాటి ఉల్లికాడల్లాంటివి. నిప్పుల మీద నల్లగా మాడ్చి కాగితంలో చుట్టి ఇస్తారు. మాడిన పైపొర లాగేసి, బాదం, టమాటా, ఎండు మిరపతో చేసిన పచ్చడిలో ముంచి, తల వెనక్కి వాల్చి పైనుంచి నోట్లోకి దించుకోవాలి. చేతులు మసి, మెడకి గుడ్డ, ఎవరూ పట్టించుకోరు. ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో మాత్రం మొబైల్ వరల్డ్ కాంగ్రెస్ అనే మొబైల్ కంపెనీల పెద్ద ప్రదర్శన ఉంటుంది. కంపెనీ పంపితే రండి, సొంత డబ్బుతో ఆ వారం వద్దు, గది దొరకడమే కష్టం.

ఇక మే, సెప్టెంబర్ రెండిట్లో ఒకటే ఎంచుకోవాలంటే, నేను వయసు చూస్తా. అరవై దాటిన అమ్మానాన్న వస్తుంటే మే చివరే. వాన భయం తక్కువ, పొద్దు ఎక్కువ, వాళ్లెలాగూ నీళ్లలో మోకాళ్ల దాకానే దిగుతారు. పదేళ్ల లోపు పిల్లలు, బడి ఒక వారం పోయినా పర్లేదు అనుకునేవాళ్లు సెప్టెంబర్. కొత్తగా పెళ్లయినవాళ్లకి కూడా సెప్టెంబరే చెప్తా, కాకపోతే 24 దాటాక బయల్దేరితే లా మెర్సే గోపురాలు చేజారిపోతాయి. మే వాళ్లు వీసా పని జనవరి, ఫిబ్రవరిలోనే మొదలెట్టండి. స్పెయిన్ రావడానికి కావాల్సిన షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఏప్రిల్ వచ్చేసరికి అపాయింట్‌మెంట్ల కోసం తెల్లారుజామున లేచి స్క్రీన్ ముందు కూర్చోవాల్సి వస్తుంది, ఆ టెన్షన్ మీకెందుకు.