ఇంజిన్ నంబరా, రేసు మచ్చలా: బావతో మూడు ఊళ్ల తిరుగుడు

మా బావకి 1969 కమారో (షెవర్లె వాళ్ల స్పోర్టీ కారు) కొనాలని ఎప్పటి నుంచో కోరిక. పోయినేడాది వెతికి వెతికి రెండు బండ్ల దగ్గర ఆగాడు. మొదటిది జీ/28, అంటే కమారోలో రేసు కోసం పుట్టిన రకం. ఫ్యాక్టరీలో బిగించిన ఇంజినే ఇంకా ఉంది, కాగితాలన్నీ ఉన్నాయి, పాత యజమాని ఆదివారాలు తప్ప బయటికి తీయలేదట. రెండోది 1970ల్లో ఒహాయోలో డ్రాగ్ రేసులు (తిన్నని దారిలో కాసేపు సాగే వేగపు పోటీలు) ఆడిన మామూలు కమారో. అసలు ఇంజిన్ ఎప్పుడో పేలిపోయింది. లావు టైర్లు పట్టడానికి వెనక ఫెండర్లు కోసేశారు. తలుపు మీద రేసు నంబరు సగం చెరిగి సగం మిగిలింది. ధర ఇంచుమించు ఒకటే.

"ఏది తీసుకోమంటావురా?" అన్నాడు. నాకు కార్ల గురించి తెలిసింది తక్కువ, తిరగడం ఇష్టం. "చూసొచ్చాక చెప్తాలే బావా" అన్నాను. అక్టోబర్‌లో ఒక శనివారం ఫిలడెల్ఫియా, నవంబర్‌లో నాలుగు రోజులు షికాగో నుంచి కెంటకీ దాకా. అదీ యాత్ర.

మేముండే ఎడిసన్ నుంచి ఫిలడెల్ఫియాలోని సిమియోన్ ఫౌండేషన్ ఆటోమోటివ్ మ్యూజియం గంటన్నర దారి. ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్ల మధ్య ఉంటుంది, బయట నుంచి చూస్తే జీపీఎస్ తప్పు చెప్పిందేమో అనిపిస్తుంది. లోపల ఉన్నవన్నీ ఫ్రెడరిక్ సిమియోన్ అనే న్యూరోసర్జన్ పోగుచేసిన రేసు కార్లు. ఆయన 2022లో పోయారు. పరుగెత్తిన బండి మీది పాత రంగు, గీతలు, నూనె మరకలు చెరిపేస్తే మళ్లీ రావు, అందుకే వీలైనంత వరకు ముట్టుకోకూడదు అన్నది ఆయన పట్టుదల.

ఆ పట్టుదల ఏమిటో అర్థం కావాలంటే అక్కడున్న షెల్బీ కోబ్రా డేటోనా కూపే ముందు నిలబడాలి. కారోల్ షెల్బీ కంపెనీ చేసిన రేసు కారు అది. నంబరు సీఎస్ఎక్స్2287. పీట్ బ్రాక్ గీసిన ఆకారం, 1964లో కాలిఫోర్నియాలోని వెనిస్‌లో కట్టారు. మొత్తం ఆరు చేస్తే మిగతా ఐదూ ఇటలీలో పూర్తయ్యాయి, ఇదొక్కటే పూర్తిగా షెల్బీ షాపులో తయారైంది. ఆ ఏడాదే ఫ్లోరిడాలోని సెబ్రింగ్ 12 గంటల రేసులో జీటీ తరగతి గెలిచింది. ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల రేసులో బ్యాటరీ చచ్చిపోతే బయటి బ్యాటరీతో స్టార్ట్ చేశారని అనర్హత వేశారు. 1965 నవంబర్‌లో బోనవిల్ ఉప్పు మైదానంలో వేగం రికార్డులు కొట్టింది. ఇంత చేసిన బండి తర్వాత ఫిల్ స్పెక్టర్ అనే సంగీత నిర్మాత చేతికి వెళ్లింది. ఆయన దాన్ని మామూలు రోడ్డు మీద తిప్పాడు! ఆ తర్వాత దాదాపు 30 ఏళ్లు ఓ స్టోరేజీ గదిలో దుమ్ము పట్టి పడుంది. వెలుగులోకి వచ్చాక కోర్టు గొడవలు. ఆ 30 ఏళ్ల బద్ధకమే దాన్ని కాపాడిందని నా అభిప్రాయం. బయట ఉండుంటే ఎవరో ఒక ప్రేమికుడు ఇత్తడి బిందెలా తోమి పెట్టేవాడు. 2014లో అమెరికా జాతీయ చారిత్రక వాహనాల రిజిస్టర్‌లో ఎక్కిన మొట్టమొదటి బండి ఇదే.

పక్కనే 1963 కార్వెట్ (షెవర్లె స్పోర్ట్స్ కారు) గ్రాండ్ స్పోర్ట్, అయిదే చేసిన వాటిలో రెండోది. బావ దాని దగ్గర ఇరవై నిమిషాలు కదల్లేదు.

సాధారణంగా నెలలో రెండో, నాలుగో శనివారాల్లో డెమో డే పెడతారు. కొన్ని కార్లను వెనక మైదానంలోకి తీసి నడిపిస్తారు (ఏ కార్లన్నది ఆ నెల అంశాన్ని బట్టి, వెళ్లే ముందు చూసుకోండి). ఆ చప్పుడు పక్కటెముకల్లో వినిపిస్తుంది, చెవులు తర్వాత. గైడ్లు పెద్దవయసు వాళ్లు, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోలేదు. తిండి మాత్రం మనమే చూసుకోవాలి. మేం పార్కింగ్‌లో పులిహోర డబ్బా తెరిచాం. పిల్లలతో వెళ్లేవాళ్లకి ఒక పూట చాలు, రాత్రి బస అక్కర్లేదు. సోమవారం వెళ్లకండి, మూసి ఉంటుంది.

నవంబర్‌లో థాంక్స్‌గివింగ్‌కి ముందు వారాంతం షికాగో పక్కన రోజ్‌మాంట్‌లో మజిల్ కార్ అండ్ కార్వెట్ నేషనల్స్ అనే పాత కార్ల షో. ఇదంతా వేరే లోకం. ఓహేర్ ఎయిర్‌పోర్టు నుంచి బ్లూ లైన్ రైల్లో ఒకే స్టేషన్, కారు అద్దెకి తీసుకోనక్కర్లేదు. హోటల్ గురించి చెప్పకుండా ఉండలేను. ఎయిర్‌పోర్టు దగ్గర ఒకటి బుక్ చేస్తే గదిలో సిగరెట్ కంపు. మార్చమంటే గంటసేపు నిలబెట్టారు. అడిగి అడిగి మార్చిన గదిలో హీటర్ రాత్రంతా గురక పెట్టింది. షో వారంలో గదులు త్వరగా అయిపోతాయి, మేం ఆలస్యం చేశాం, అందులో మా తప్పూ ఉంది.

హాల్లో మెరుపు చూస్తే కళ్లు తిరుగుతాయి. జడ్జీలు టార్చ్‌లైట్లు పట్టుకుని కార్ల కింద దూరతారు. బోల్టు తల మీది గుర్తు ఆ కాలందేనా, అండర్‌బాడీ మీద రంగు ఫ్యాక్టరీలో చల్లినట్టే పలచగా పడిందా అని చూస్తారు. అసెంబ్లీ లైన్లో కార్మికుడు సుద్దముక్కతో గీసిన గీతను కూడా యాభై ఏళ్ల తర్వాత మళ్లీ గీసి పెడతారు. మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే అదీ ఒక రకం భక్తే. కాకపోతే ఆ భక్తి అంతా బండి పుట్టినరోజుకే. షోరూమ్ నుంచి బయటికి వచ్చాక దానికి జరిగినదంతా వీళ్ల లెక్కలో తప్పు కిందే జమ.

ఇక్కడే ఒక తిరకాసు. జీ/28 అన్నది పుట్టిందే రేసు కోసం. ట్రాన్స్-యామ్ అనే అమెరికా రేసు పోటీల్లో ఇంజిన్ 305 క్యూబిక్ అంగుళాలు దాటకూడదు, అందుకే షెవర్లె 302 అంగుళాల ఇంజిన్ పెట్టి 1967లో 602 బండ్లు అమ్మింది. రేసు డ్రైవర్ మార్క్ డొనాహ్యూ కమారోతో 1968లో, 1969లో ట్రాన్స్-యామ్ గెలిచాడు. 1969కి వచ్చేసరికి జీ/28లు 20,302 అయ్యాయి. అంటే రేసుకి ఎన్నడూ వెళ్లని బండికి కూడా విలువ రేసు వల్లే వచ్చింది. నిజంగా రేసుకి వెళ్లినదేమో ఇంజిన్ పోగొట్టుకుని "ఒరిజినల్ కాదు" అనిపించుకుంటుంది.

1969 కమారోకి ఇంకో చిక్కుంది. వీఐఎన్ (బండి గుర్తింపు నంబరు) చూస్తే వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, అని తెలుస్తుంది గానీ జీ/28 అని తెలియదు. కాబట్టి ఇంజిన్ మీది డీజెడ్ కోడు (1969 జీ/28 ఇంజిన్‌కి ఉండే గుర్తు), దాని పక్కన కొట్టిన నంబరు, పాత కాగితాలు, ఇవే దిక్కు. ఆ నంబరు కొట్టే చదునును గీకి కొత్త నంబరు కొట్టే ఘనులు ఉన్నారు. హాల్లో ఒక పెద్దాయన బావకి ఫోన్ లైటు అడ్డంగా పట్టి చూపించాడు, ఫ్యాక్టరీ మిషన్ వదిలిన సన్నగీతలు ఎలా ఉంటాయో. కిరాయి, హోటల్, కంపు అన్నీ ఆ పది నిమిషాలకే చెల్లు.

అదే హాల్లో ఒక మూల కొట్టాల్లో దొరికిన బండ్లను దుమ్ముతో సహా నిలబెట్టారు. జనం అక్కడే ఎక్కువ.

డబ్బు సంగతికొస్తే, 2014లో ఒక 1967 ఎల్88 (రేసు ఇంజిన్ ఉన్న) కార్వెట్ వేలంలో 38.5 లక్షల డాలర్లు పలికింది. ఆ ఏడాది అలాంటివి చేసింది 20 మాత్రమే. 2020లో రేసు డ్రైవర్ కెన్ మైల్స్ నడిపిన షెల్బీ జీటీ350ఆర్ ప్రోటోటైప్ కూడా సరిగ్గా 38.5 లక్షలే. ఒకటి అరుదైన ఫ్యాక్టరీ కూర్పుకి, ఇంకొకటి రేసు గెలుపుకి. మార్కెట్‌ని అడిగితే తేలదన్నమాట.

సోమవారం పొద్దున్నే కారు అద్దెకి తీసుకుని ఐ-65 మీద దక్షిణానికి, ఆరున్నర గంటలు. ఇండియానాలో గడియారం గంట ముందుకి జరిగి, కెంటకీలో బౌలింగ్ గ్రీన్ చేరేసరికి మళ్లీ వెనక్కి వస్తుంది. టికెట్ టైమ్ చూసుకుని టెన్షన్ పడకండి. హైవే పక్కన చిన్న మోటెల్‌లో దిగాం. ధర తక్కువ, దుప్పట్లు శుభ్రం, కౌంటర్ దగ్గరామె మా పెరుగన్నం కోసం ఫ్రిజ్ ఉన్న గదే ఇచ్చింది. ఈ ట్రిప్పులో బసకి మొదటి మార్కు దానికే.

మేం వచ్చింది ఇక్కడి నేషనల్ కార్వెట్ మ్యూజియం కోసం. అందులో 2014 ఫిబ్రవరి 12 తెల్లవారుజామున నేల కుంగి ఎనిమిది కార్వెట్లు గుంతలో పడిపోయాయి. లోపల మనుషులెవరూ లేరు. ఆ నేలంతా సున్నపురాయి, కింద గుహలు. (ప్రపంచంలోకెల్లా పొడవైన మామత్ కేవ్ అక్కడికి దగ్గరే. మాకు వీలు పడలేదు, మీరు వెళ్లండి.) పడినవాటిలో మూడింటినే బాగుచేశారు. 1992లో తయారైన పదిలక్షలో కార్వెట్‌ని విప్పితే భాగాల మీద కార్మికుల సంతకాలు కనిపించాయి, వాటిని కాపాడుకుంటూ పని చేశారు. మిగతా ఐదూ నలిగినవి నలిగినట్టే ఉన్నాయి. వాటిలో 2001 మ్యాలెట్ హ్యామర్ జీ06ని కారని చెప్తే తప్ప కారని తెలియదు.

బావ చాలాసేపు దాన్నే చూశాడు. "వీటికి ఇదే ఒరిజినల్ రా" అన్నాడు. నాకూ మూడు ఊళ్లు తిరిగాక మిగిలిన ప్రశ్న అదే. ఈ బండిని ఏ రోజు నాటిదిగా ఉంచాలి? ఆదివారాల జీ/28 అయితే షోరూమ్ రోజు, వాదన లేదు. డ్రాగ్ బండికి షోరూమ్ రోజు ఎప్పుడో పోయింది. దానికున్నది ఆ ఒహాయో రోజులే, అవి నిజమైతే. పాత ఫొటోలు, ట్రాక్‌లో ఇచ్చిన టైమ్ స్లిప్పులు లేకపోతే రేసు కథకి పైసా ఇవ్వకూడదు. కోసిన ఫెండర్లున్న ప్రతి బండికీ అమ్మేవాడు ఒక కథ చెప్తాడు.

మోటెల్ బయట నుంచే ఆ డ్రాగ్ బండి యజమానికి బావ ఫోన్ చేశాడు. టైమ్ స్లిప్పులు ఒక చెప్పుల డబ్బా నిండా ఉన్నాయట, ఫొటోలు కూడా పంపిస్తానన్నాడు. బేరం మొదలైంది. చివర్లో ఆయన, పాపం మంచితనానికే, తలుపు మీద ఆ పాత నంబరు బాగోలేదు, ఇచ్చేలోపు తలుపుకి రంగు వేయించి ఇస్తానన్నాడు. బావ ఒక్కసారిగా అరిచాడు, పక్క గది వాళ్లు తలుపు తీసి చూశారు.