80 సిరీస్‌కి ఇండిపెండెంట్ ఫ్రంట్ సస్పెన్షన్: నాలుగేళ్లు ఎడారిలో తిప్పాక

ముందు చక్రాలు రెండింటినీ ఒకే ఇరుసు కలిపే సాలిడ్ యాక్సిల్ బండిని ఎడారిలో వేగంగా నడిపేవాళ్లు బొటనవేళ్లను స్టీరింగ్ బయటే ఉంచుతారు. చక్రం రాయికి తగిలితే స్టీరింగ్ గిర్రున తిరుగుతుంది, లోపల వేలు ఉంటే విరుగుతుంది. నా టయోటా ల్యాండ్ క్రూజర్ 80 సిరీస్‌ని పదకొండేళ్లు అలాగే నడిపాను. ముందు యాక్సిల్ తీయించి, ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఆడే ఇండిపెండెంట్ సస్పెన్షన్ పెట్టించిన మూడో నెలలో, ఒక మధ్యాహ్నం గట్టి నేల మీద గంటకు ఎనభై కి.మీ. వేగంతో పోతూ చేతులవంక చూసుకున్నాను. రెండు బొటనవేళ్లూ లోపలికి చుట్టుకుని ఉన్నాయి. ఎప్పుడు వెళ్లాయో నాకే తెలియదు. ఈ మార్పు నాకిచ్చిన సంతోషమంతా అందులోనే ఉంది.

సాలిడ్ యాక్సిల్లో రెండు చక్రాలూ ఒకే దూలానికి చెరో చివర. ఎడమది గట్టెక్కితే కుడిది కూడా వాలుతుంది. వేగంగా తిరిగే చక్రాన్ని పక్కకు వాల్చబోతే అది బొంగరంలాగా ఇంకో దిక్కుకు తిరగబోతుంది, ఆ తోపు నేరుగా చేతికొస్తుంది. పైగా ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్, దాని హౌసింగ్, చక్రాలు బిగించే హబ్బులు అన్నీ చక్రాలతో పాటే ఎగిరిపడతాయి. అంత బరువును ఆపీ ఆపీ షాక్ అబ్జార్బర్లు కాగిపోయేవి. సిమెంటు రేకులా అలలు తేలిన మట్టిబాట మీద అరగంట పోతే చాలు, అవి చేతులెత్తేసేవి. ఇప్పుడు డిఫరెన్షియల్ ఛాసిస్‌కి వేలాడుతోంది, ఎగిరేది చక్రాన్ని ఛాసిస్‌కి పట్టి ఉంచే ఆర్ములూ హబ్బులే. అదే బాట మీద ఒక చక్రానికి తగిలిన దెబ్బ ఆ చక్రం దగ్గరే ఆగిపోతోంది.

ట్రావెల్, అంటే చక్రం పైకీ కిందికీ ఆడే దూరం, 300 మిల్లీమీటర్ల దగ్గర ఆపేశాను. 2022 నుంచి డకార్ ఎడారి ర్యాలీలో టీ1 ప్లస్ తరగతి రేసు బళ్లకు 350 దాకా ఒప్పుకుంటున్నారు, అది చూసి నాకూ ఆశ పుట్టింది. కానీ చక్రం ఎంత కిందికి జారితే డిఫరెన్షియల్ నుంచి చక్రానికి బలం తీసుకెళ్లే హాఫ్ షాఫ్ట్ జాయింట్ అంత వంకర తిరుగుతుంది. ఆ వంకరలో ఇంజిన్ బలం పడితే ముందు దాని రబ్బరు తొడుగు, బూటు, చిరుగుతుంది, తర్వాత జాయింటే పోతుంది. అందుకే ఆర్ములు పొడుగు చేయించి, కిందికి మరీ జారకుండా పట్టీలు కట్టించాను. ఆ నిర్ణయం మీద ఈ రోజుకీ నాకు పశ్చాత్తాపం లేదు.

అసలు కష్టం టై రాడ్ దగ్గర, అంటే స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ దగ్గర పడ్డాం. లోపలి జాయింటు సరైన ఎత్తులో లేకపోతే, చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడల్లా తనంతట తానే కాస్త పక్కకు తిరుగుతుంది. స్ప్రింగులు తీసేసి, హబ్‌కి ఒక నిటారు పలక బిగించి, జాకీతో ఆర్మును వేలెడు వేలెడు లేపుతూ, ప్రతిసారీ పలక ముందంచు, వెనకంచు టేపుతో కొలిచాం. రెండు రోజులు అదే పని. చివరికి ఆ కడ్డీని అటూ ఇటూ తోసే స్టీరింగ్ ర్యాక్‌ను ఆరు మిల్లీమీటర్లు కిందికి దింపాం. అంతకుముందు గుంత పడ్డప్పుడల్లా ఎడమకు లాగిన బండి ఆ ఆరు మిల్లీమీటర్లతో తిన్నగా పోవడం మొదలుపెట్టింది.

ఇక పగులు సంగతి. పద్నాలుగో నెలలో, మూడు రోజుల ప్రయాణంలో రెండో రోజు పొద్దున్నే, తిన్నగా పోతున్నా స్టీరింగ్ రెండు వేళ్ల మందం పక్కకు ఉండటం గమనించాను. టైర్లలో గాలి తేడా అనుకున్నాను, కొలిస్తే సమానంగానే ఉంది. బండి బాగానే పోతోంది కదా అని పోనిచ్చాను. అక్కడే ఆగి కిందికి దూరి చూడాల్సింది. సాయంత్రానికి బ్రేకు వేసినప్పుడల్లా ఎడమ పాదం కింద ‘టక్’ మని ఒక్క చప్పుడు. అప్పుడు దిగి, ఇసుకలో వెల్లకిలా పడుకుని టార్చి వేశాను. ఎడమ కింది ఆర్ము వెనక బోల్టును పట్టి ఉంచే పలక, ఛాసిస్‌కి వెల్డు చేసిన చోట, పెయింటు మీద వెంట్రుకంత గీత. గోటితో గీస్తే ఎర్రటి తుప్పు పొడి రాలింది. అంటే ఆ పగులు ఆ రోజుది కాదు. చక్రాన్ని కాలితో వెనక్కి నెడితే గీత నోరు తెరిచింది.

సామాన్లు కట్టే రాచెట్ బెల్టుతో కింది ఆర్మును ఛాసిస్ ముందు అడ్డ దూలానికి (క్రాస్ మెంబర్) బిగించి లాగి కట్టాను. మర్నాడు తారు రోడ్డు దాకా 52 కి.మీ. రావడానికి ఐదు గంటలు పట్టింది. పది కి.మీ.కి ఒకసారి దిగి బెల్టు బిగించాను. ఆ ఐదు గంటలూ పాత యాక్సిల్ గుర్తొస్తూనే ఉంది. దాన్ని ఛాసిస్‌కి పట్టి ఉంచే పొడవాటి రేడియస్ ఆర్ములు దెబ్బను బాగా వెనక్కి, లావాటి రబ్బరు బుష్షుల్లోకి తీసుకెళ్లేవి. కొత్త అమరికలో ఆ దెబ్బంతా అరచేయంత పలకకు అతికిన వెల్డు మీద పడుతోంది. వెల్డు చేసిన చోట పలకను చతురస్రంగా కోసి అంచులకే అతికించి వదిలేశారు, వెనక నుంచి ఆసరా ఏమీ ఇవ్వలేదు. అది చూసీ బండిని అలాగే ఇంటికి తెచ్చుకున్నందుకు తప్పు నాది కూడా. ఈసారి చివర్లు సన్నగా సాగదీసిన పెద్ద పలకలు వేయించి, ఎడమ కుడి మౌంట్లను ఛాసిస్ అడ్డంగా ఒక గొట్టంతో కలిపించాను. ఆ తర్వాత రెండున్నరేళ్లకు పైగా ఒక్క గీత పడలేదు. అయినా ప్రతి ప్రయాణం ముందూ ఆ చోటును గుడ్డతో తుడిచి చూడందే బయల్దేరను.

పైన బొటనవేళ్ల గురించి రాసింది ఇసుక మీదా గట్టి మట్టి మీదా పూర్తిగా నిజం. రాళ్ల నేల మీద కాదు. స్టీరింగ్ సగం తిప్పి ఉండగా ఒక్క చక్రం పదునైన రాయికి కొడితే ర్యాక్ ఆ దెబ్బను దాచుకోదు, పాత స్టీరింగ్ బాక్సే కొంత మింగేసేది. అలాంటి చోట వేళ్లు మళ్లీ బయటికొస్తున్నాయి. ముందు ముక్కు బరువుతో కుంగినప్పుడు డిఫరెన్షియల్ కూడా నేలకు దగ్గరవుతుంది. పాత యాక్సిల్ కింద ఖాళీ ఎప్పుడూ ఒక్కలాగే ఉండేది. నిలువు ఇసుక తిన్నె దిగి మలుపు కొడుతుంటే కింది రక్షణ పలక ఇసుకను గీసుకుంటూ పోవడం వినిపిస్తుంది.

ఇక ఓపిక. ఆర్ముల చివరి గుండ్రటి బేరింగులు ఏడాదికోసారి మార్చాల్సిందే, ఇసుక వాటిని నమిలేస్తుంది. బూట్లు ప్రతి సాయంత్రం వేళ్లతో తడిమి చూడాలి. అలైన్‌మెంట్ ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలి. నాకు వెల్డింగ్ వచ్చు, ఇంటి పనులకు వేరే బండి ఉంది, నా ప్రయాణాల్లో ముప్పావు వంతు విశాలమైన చదును నేలే. ఈ మూడింట్లో ఒక్కటి లేకపోయినా నేను చేయించేవాణ్ని కానేమో.

1998లో 100 సిరీస్ తెచ్చినప్పుడు టయోటా కూడా ముందు సాలిడ్ యాక్సిల్ తీసేసింది, కానీ పాత పద్ధతే కావాలన్న దేశాలకు 105 పేరుతో దాన్నే కొనసాగించింది. ఆ రెండో నిర్ణయం ఎందుకు తీసుకున్నారో నాకు ఆ 52 కి.మీ. నడిపాక బాగా అర్థమైంది.

మొన్న ఒక స్నేహితుడు నా బండి గంటసేపు నడిపి, మొహం వెలిగిపోతూ దిగాడు. “నా నిస్సాన్ పాట్రోల్‌కి కూడా చేయించెయ్యనా?” అని అడిగాడు. వాడు వెళ్లేది రాళ్ల లోయల్లోకి, గంటకు ఐదు కి.మీ. వేగంతో. వద్దురా, నీ యాక్సిల్ నువ్వు ఉంచుకో అన్నాను. ఈ చలికాలానికి నా బండికి మాత్రం కొత్త బేరింగులు తెప్పించి పెట్టుకున్నాను.