లాకు, సెమఫోర్: ఏది మేలు?

రెండు థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాంలో ఏకకాలంలో నడిచే పనులు) ఒకే కౌంటర్‌ను చెరొకటి పెంచాలి. అందులో 41 ఉంది. మొదటిది 41 చదివి 42 రాసేలోపే రెండోదీ ఆ 41నే చదివింది. రెండూ 42నే రాశాయి. 43 కావలసిన లెక్కలో ఒకటి గల్లంతయింది. ఇలాంటి చోట నా ఓటు ఒకసారికి ఒకే థ్రెడ్‌ను రానిచ్చే లాకుకే.

సెమఫోర్ అంటే ఒకేసారి ఎన్ని థ్రెడ్లను రానివ్వాలో లెక్కపెట్టే సాధనం. దాని విలువను 1గా పెడితే అదీ లాకే కదా అని చాలామంది వాదిస్తారు. నేను ఒప్పుకోను. లాకుకు సాధారణంగా యజమాని ఉంటాడు: వేసిన థ్రెడ్డే తీయాలి. జావా భాషలోని రీఎంట్రంట్‌లాక్ అనే లాకును మరో థ్రెడ్ తీయబోతే వెంటనే ఎక్సెప్షన్ (లోపం) వస్తుంది. సెమఫోర్‌కు లెక్క తప్ప మనిషి తెలియదు. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, 1997లో అంగారకుడి మీద పాత్‌ఫైండర్ నౌక కంప్యూటర్ పదేపదే రీసెట్ అయింది. తక్కువ ప్రాధాన్యం గల పని లాకు పట్టుకుని ఉంటే, మధ్యస్థాయి పని దాన్ని సాగనివ్వలేదు. లాకు కోసం ముఖ్యమైన పని ఆగిపోయింది. లాకు పట్టుకున్న పనికి తాత్కాలికంగా ప్రాధాన్యం పెంచే సదుపాయాన్ని భూమి నుంచే ఆన్ చేశాక సమస్య తీరింది. పట్టుకున్నదెవరో తెలిస్తేనే ఆ వైద్యం సాధ్యం.

మరి డేటాబేస్ కనెక్షన్లు 10, అడిగే థ్రెడ్లు 200 అయితే? అక్కడ సెమఫోర్‌కు సాటి లేదు. కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1960ల్లో దాన్ని రూపొందించినప్పటి నుంచీ దాని బలం ఈ లెక్కే. ఒక థ్రెడ్ పని ముగించి మరోదాన్ని మేల్కొలపాలన్నా అదే సరైనది.

అయితే జాగ్రత్త. టైమవుట్ (గడువు తీరడం) వల్ల సెమఫోర్ అనుమతి దొరకకపోయినా, ఏం జరిగినా చివర నడిచే ఫైనల్లీ బ్లాకులో రిలీజ్ (అనుమతిని తిరిగివ్వడం) నడిచిందనుకోండి: 10 కాస్తా 11 అవుతుంది. పైథాన్‌లో మామూలు సెమఫోర్ కిక్కురుమనదు; మొదటి లెక్కను మించనివ్వని బౌండెడ్‌సెమఫోర్ అయితే వాల్యూఎర్రర్ అనే లోపం చూపిస్తుంది. అందుకే నేను రెండోదే వాడతాను.

లాకుల బెడద వేరు. రెండు లాకులను రెండు థ్రెడ్లు ఒకదానికొకటి వ్యతిరేక వరుసలో పట్టుకుంటే రెండూ బిగుసుకుపోతాయి. అన్నిచోట్లా ఒకే వరుస పాటిస్తే చాలు.

కొన్ని థ్రెడ్లు సరుకు పెట్టి, కొన్ని తీసుకునే పరిమిత క్యూలో (ఇన్నే పట్టే వరుసలో) లాకు, సెమఫోర్ రెండూ కావాలి: ఖాళీలను, సరుకును లెక్కించడానికి రెండు సెమఫోర్లు, క్యూను కాపాడడానికి ఒక లాకు. ముందు సెమఫోర్, తర్వాతే లాకు. తారుమారు చేస్తే, ఖాళీ క్యూ ముందు లాకు పట్టుకుని సరుకు కోసం ఒక థ్రెడ్ నిద్రపోతుంది. సరుకు తెచ్చిన థ్రెడ్ ఆ లాకు కోసమే బయట నిలబడుతుంది.