సెకండ్ హ్యాండ్ యమహా ఆర్-ఎన్303 రిసీవర్‌తో ఏడు నెలలు

మా నాన్నకి డెబ్భై తొమ్మిదేళ్ళు. పొద్దున్నే కాఫీ గ్లాసు చేతిలోకి రాకముందే రేడియో మోగాలి ఆయనకి. నలభై ఏళ్ళ ఆ రేడియో నిరుడు వేసవిలో మూగబోయింది. బాగుచేసేవాళ్ళ కోసం తిరిగి తిరిగి విసుగొచ్చి ఒక బ్లూటూత్ స్పీకర్ కొనిచ్చాను. వారం రోజులు ఓపిక పట్టి ఒకరోజు అన్నారు: "అమ్మాయ్, నీ ఫోన్ ఇంట్లో ఉంటేనే ఇది పాడుతోంది. నువ్వు ఆఫీసుకి వెళ్తే దీనికీ సెలవే."

నిజమే. పైగా కీర్తన మంచి పట్టులో ఉండగా నాకు ఫోన్ వస్తే, ఆ రింగు కూడా అందులోంచే మోగేది. లోన్ ఇస్తామన్న అమ్మాయి గొంతు హాలంతా వినిపించిన రోజున, వీళ్ళకి సరైన పాటల పెట్టె ఒకటి కొనాలని గట్టిగా అనుకున్నాను. అప్పటికి రిసీవర్ అంటే ఏమిటో నాకు తెలియదు. బ్యాంకులో పనిచేసేదాన్ని, ఫోన్ రిసీవర్ ఒక్కటే తెలుసు.

ఇప్పుడు తెలిసింది చెబుతాను. స్పీకర్లను మోగించే ఆంప్లిఫయర్, రేడియో అందుకునే ట్యూనర్ ఒకే డబ్బాలో ఉంటే అది రిసీవర్. దానికి వైఫై కూడా తోడైతే నెట్‌వర్క్ రిసీవర్. స్పీకర్లు మాత్రం విడిగా కొనుక్కోవాలి. ఈ చివరి ముక్క తెలియక నేను మొదట్లో ధరలు చూసి తెగ సంబరపడ్డాను.

కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్తే, నేను నోరు తెరవకముందే ఒక షాపతను 5.1 రిసీవర్ ముందు నిలబెట్టాడు. వెనకంతా రంధ్రాలే. "వెయ్యి వాట్లు మేడమ్, థియేటర్ ఇంట్లోనే" అన్నాడు. మీరు వినేది పాటలా, చూసేది సినిమాలా అని మాత్రం అడగలేదు. మా హాలు పదిహేను అడుగుల పొడవు. అందులో ఐదు స్పీకర్లు, ఒక బేస్ పెట్టె పెట్టి, వైర్లు పాకించి, మా అమ్మ ముగ్గు గిన్నె ఎక్కడ పెట్టుకోవాలి?

వాట్ల సంగతి ఇంటికొచ్చి లెక్కేసుకున్నాను. మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్ డబ్బా మీద 87 డెసిబెల్స్ అని రాసి ఉంటుంది. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో అంత మోత వస్తుందని దానర్థం. వంటింట్లో మిక్సీ వేస్తే దగ్గర దగ్గర అంతే ఉంటుంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్సే. అంటే యాభై వాట్ల పెట్టెకీ వంద వాట్ల పెట్టెకీ తేడా చెవికి కొంచెమే, జేబుకి మాత్రం బాగా తెలుస్తుంది. పాటల కోసమే అయితే రెండు ఛానెళ్ళ స్టీరియో చాలు. ఆ డబ్బులు స్పీకర్ల మీద పెట్టడం మేలు.

ఇంతలో డల్లాస్ నుంచి మా తమ్ముడు. "అక్కా, ఇక్కడ ఒక రిసీవర్ డిస్కౌంట్లో ఉంది, దసరాకి వస్తూ తెచ్చేస్తా." ఆశపడ్డాను. మంచిదే అయింది, ముందు ఫొటో పంపమన్నాను. వెనక రాసి ఉంది: 120 వోల్ట్‌లు, 60 హెర్ట్జ్. మన గోడలో వచ్చేది 230. నేరుగా పెడితే ఆ సంబరం ఒక్క క్షణమే. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు గానీ, ఇంకో చిక్కుంది. అమెరికాలో ఎఫ్ఎం స్టేషన్లు 101.9, 102.1, 102.3 అంటూ బేసి అంకెల మీదే ఉంటాయి. అక్కడికోసం చేసిన ట్యూనర్లు చాలావరకు అలాగే గెంతుతాయి. హైదరాబాద్‌లో వివిధ భారతి 102.8. 102.7కీ 102.9కీ మధ్య నాన్న స్టేషన్ నలిగిపోయేది. తమ్ముణ్ణి చాక్లెట్లు తెమ్మన్నాను.

చివరికి కూకట్‌పల్లిలో ఒకతను పుణెకి మారిపోతూ అమ్ముతున్నాడని తెలిసి ఈ యమహా నెట్‌వర్క్ రిసీవర్ తీసుకున్నాను. 2017లో వచ్చిన మోడల్. నేనిచ్చింది పంతొమ్మిది వేలు. పాతది కొనేటప్పుడు భయం సహజం, అందుకని వాళ్ళింట్లోనే ముప్పావు గంట కూర్చున్నాను. వాల్యూమ్ నాబ్ మెల్లగా తిప్పుతూ గరగర వస్తుందేమో విన్నాను. వెనక స్పీకర్లకి ఏ, బీ అని రెండు జతల జాగాలుంటాయి, రెండింట్లోనూ వైర్లు మార్చి చూశాను. హెడ్‌ఫోన్ గుచ్చాను. పైన చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంది, కాలిన వాసన లేదు. వెనక 230 వోల్ట్‌లు అని చదివాను. రిమోట్ ఉందా అన్నది అన్నిటికంటే ముందే అడిగాను. నాన్నకి కావలసింది అదే కదా. అమ్మే అతని ఖాతాలేవీ అందులో మిగలకుండా రీసెట్ చేసి ఇవ్వమన్నాను. వాళ్ళావిడ టీ కూడా ఇచ్చింది.

కొత్త స్పీకర్లు పద్నాలుగు వేలు. వైరు మీటర్ల లెక్కన కొన్నాను, రాగిది, 16 గేజ్. బంగారు పూత పిన్నులనీ, ఇంకేవో వైర్లనీ షాపులో చూపించారు. నాకు అక్కర్లేదన్నాను, ఇప్పటికీ అక్కర్లేదనే అంటాను.

బిగించింది నేనే. అక్కడే తప్పు చేశాను. మొదటిరోజు పాత సినిమా పాట పెడితే నాకు బాగానే అనిపించింది. నాన్న కుర్చీలో ముందుకి వంగి, వెనక్కి వాలి, తల అటూ ఇటూ తిప్పి, "గొంతు మనిషిలోంచి రావట్లేదమ్మా, గోడల్లోంచి వస్తోంది. తబలాకి కడుపు కూడా లేదు" అన్నారు. వయసు చెవులు అనుకున్నాను. సాయంత్రం మా అమ్మాయి ఫోన్ టార్చి వేసి వెనక చూసి నవ్వింది. కుడి స్పీకర్‌కి ఎర్ర రంధ్రంలో నల్ల వైరు, నల్ల రంధ్రంలో ఎర్ర వైరు పెట్టాను. అలా ఉంటే ఒక స్పీకర్ ముందుకి తోసేటప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. బేస్ ఒకదాన్నొకటి తినేస్తుంది, మధ్యలో నిలబడాల్సిన గొంతు చెదిరిపోతుంది. వైరు సరిచేసి అదే పాట మళ్ళీ పెట్టాం. ఆ కాలపు పాటలు మోనోలో రికార్డు చేసినవి. రెండు స్పీకర్లలోంచీ ఒకటే శబ్దం వస్తుంది కాబట్టి గొంతు సరిగ్గా టీవీ బల్ల నడుమ నిలబడింది. అక్కడ స్పీకరే లేదు. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి బల్ల వైపు చూసింది. వైర్లు సరిగ్గా పెట్టామో లేదో చూడాలంటే ఖరీదైన టెస్ట్ డిస్కులేవీ వద్దు, ఒక పాత మోనో పాట చాలు.

రెండో రోజు ఇంకో ఫిర్యాదు. "ఫిడేలు అటెందుకు కూర్చుంది?" మామూలుగా కచేరీలో పాడేవారికి ఎడమ వైపు ఫిడేలు, కుడి వైపు మృదంగం. ఎదురుగా కూర్చున్న మనకి ఫిడేలు కుడిపక్క కనబడాలి. ఎడమచేతి వాటం మృదంగం వారైతే తప్ప. మాకు ఎడమపక్క వినబడుతోంది. స్పీకర్లు రెండూ తారుమారు. అది కూడా నా పనే.

ఇక అసలు సంగతి, ఫోన్లోంచి పాటలు. సెటప్ కోసం పెట్టె ముందువైపున్న కనెక్ట్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకుని, ఫోన్లో యమహా వాళ్ళ మ్యూజిక్‌కాస్ట్ యాప్ తెరిస్తే దారి అదే చెబుతుంది. మా రౌటర్ పడగ్గదిలో ఉంది, హాలు మూలకి సిగ్నల్ అంతంతమాత్రం. రెండు రోజులు పాటలు తెగుతుంటే లాన్ కేబుల్ లాగేశాను. ఆ తర్వాత మళ్ళీ ఆ టెన్షన్ లేదు.

బ్లూటూత్‌కీ వైఫైకీ తేడా ఇన్నాళ్ళూ నాకు తెలియదు. బ్లూటూత్‌లో పాట ఫోన్లోంచి ప్రయాణిస్తుంది. మామూలు ఎస్‌బీసీ పద్ధతిలో సెకనుకి 328 కిలోబిట్ల దాకా కుదించి పంపుతుంది. సీడీలో ఉండేది 1411. స్పాటిఫై కనెక్ట్ అలా కాదు. ఫోన్ "ఫలానా పాట పెట్టు" అని చెప్పి తప్పుకుంటుంది, రిసీవరే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. నేను ఫోన్ పట్టుకుని ఆఫీసుకి వెళ్ళిపోయినా నాన్న పాట ఆగదు. లోన్ అమ్మాయి హాల్లోకి రాదు. నాకు ఈ పెట్టెలో నచ్చినవన్నీ ఒకెత్తు, ఇదొకటీ ఒకెత్తు.

కానీ కొనేముందు ఎవరూ చెప్పని మాట ఇది. మీ ఇంట్లో ఏ ఫోను, ఏ యాప్ అన్నదే రిసీవర్‌ని తేల్చాలి. ఈ యమహాలో స్పాటిఫై ఉంది, ఐఫోన్ల ఎయిర్‌ప్లే ఉంది, ఆండ్రాయిడ్ ఫోన్లలోంచి వైఫై మీద పాట పంపే క్రోమ్‌కాస్ట్ లేదు. ఐఫోన్ ఉన్నవాళ్ళకి బెంగ లేదు, ఏ యాప్‌లో పాటైనా ఎయిర్‌ప్లే మీద వైఫైలోనే వెళ్ళిపోతుంది. మా ఇంట్లో అందరివీ ఆండ్రాయిడ్ ఫోన్లు. మా అమ్మాయి వినేదంతా యూట్యూబ్ మ్యూజిక్. నేను జియోసావన్. ఇవి రెండూ ఇందులోకి రావాలంటే మళ్ళీ బ్లూటూతే గతి. తెలుగు వినేవాళ్ళలో ఎక్కువమంది పరిస్థితి మాలాగే ఉంటుందనుకుంటాను. ఎందుకంటే పాత కచేరీలు, హరికథలు, ఎవరో ఇంట్లో టేపు నుంచి ఎక్కించిన లలిత గీతాలు దొరికేది యూట్యూబ్‌లోనే. గూగుల్ వాళ్ళ క్రోమ్‌కాస్ట్ ఆడియో అనే చిన్న బిళ్ళ దీనికి చక్కటి మందు, కానీ 2019లోనే తయారీ ఆపేశారు. ఇంటర్నెట్ నుంచి పాట తెచ్చి రిసీవర్‌కి అందించే చిన్న డబ్బాని స్ట్రీమర్ అంటారు. నేను విమ్ ప్రో అనే స్ట్రీమర్ కొని, శబ్దాన్ని వెలుతురు రూపంలో పంపే ఆప్టికల్ కేబుల్‌తో తగిలించాను. పేరు వినగానే గిన్నెలు తోమే సబ్బు గుర్తొస్తుంది గానీ, క్రోమ్‌కాస్ట్ ఉంది, పని జరుగుతోంది. వాళ్ళదే విమ్ మినీ చవక, అందులో మాత్రం క్రోమ్‌కాస్ట్ లేదు, చూసి కొనండి.

దీంతో ఉన్న ఒక్క ఆప్టికల్ రంధ్రం నిండిపోయింది. టీవీ కూడా అదే అడుగుతుంది మరి. విమ్‌ని కోయాక్సియల్ అనే ఇంకో డిజిటల్ రంధ్రానికి మార్చి, టీవీకి ఆప్టికల్ ఇచ్చాను. అయినా టీవీ శబ్దం రాలేదు. గంటసేపు వైర్లు పీకి పెట్టి, చివరికి టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియోని పీసీఎం (కుదించని మామూలు శబ్దం) అని మారిస్తే వచ్చింది. డాల్బీలో పంపితే ఇలాంటి స్టీరియో రిసీవర్‌కి అర్థం కాదు. హెచ్‌డీఎంఐ లేదు కాబట్టి టీవీ రిమోట్‌తో దీని సౌండు పెరగదు. సీరియల్ చూసేటప్పుడు మా అమ్మ రెండు చేతుల్లో రెండు రిమోట్లు పట్టుకుంటుంది.

మీరు కొత్తది కొనేట్టయితే నా ఆలోచన ఇలా సాగుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు లేరు, ఎఫ్ఎం అక్కర్లేదు, అందరూ ఫోన్ల వాళ్ళే అంటే రిసీవర్ మాట వదిలేసి విమ్ వాళ్ళదే ఆంప్లిఫయర్, విమ్ ఆంప్ చూడండి. ఎనిమిది ఓమ్‌ల స్పీకర్లకి ఛానెల్‌కి 60 వాట్లు, టీవీ శబ్దం అందుకునే హెచ్‌డీఎంఐ ఆర్క్, క్రోమ్‌కాస్ట్, అన్నీ టిఫిన్ డబ్బా అంత పెట్టెలో. నాన్న లేకపోతే నేనూ అదే కొనేదాన్ని. టీవీ, ప్లేయర్లు అన్నీ దీనికే కట్టాలంటే డెనాన్ డీఆర్ఏ-800హెచ్‌లో హెచ్‌డీఎంఐలు ఉన్నాయి. అటకమీద గ్రామఫోన్ రికార్డులుంటే, రికార్డు ప్లేయర్ తగిలించే ఫోనో ఇన్‌పుట్ ఉన్నది కావాలి. యమహాలోనే 2023లో వచ్చిన ఆర్-ఎన్600ఏలో అది ఉంది. సోనీ ఎస్‌టీఆర్-డీహెచ్190లోనూ ఉంది, కానీ దాంట్లో వైఫై లేదు, బ్లూటూత్ ఒక్కటే. మొదటిసారి కొనేవాళ్ళు అక్కడే పొరపాటు పడతారు, పేరులో రిసీవర్ అని ఉంది కదా అన్నీ ఉంటాయని.

ఏడు నెలల్లో నాన్న దీన్ని ఎలా వాడుతున్నారంటే, రిమోట్‌లో రెండే బటన్లు. ఒకటి ఆన్, ఇంకోటి ట్యూనర్. వాటిమీద ఆయనే ఎర్ర గోళ్ళరంగు చుక్కలు పెట్టించుకున్నారు. ఎఫ్ఎంకి ఇచ్చే సన్నటి యాంటెనా వైరుని కిటికీ ఊచకి చుట్టాక 102.8 గరగర లేకుండా వస్తోంది. కచేరీ కావాలంటే నాకో మనవరాలికో చెబుతారు. ఫోన్లో యాప్ ఆయన చేత నేర్పించాలని చూశాను, అక్షరాలు చీమల్లా ఉన్నాయన్నారు. వదిలేశాను.

ఒక్కటే గొడవ మిగిలింది, అది మా అమ్మతో. కొత్త వస్తువు ఏదొచ్చినా పైన ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పాల్సిందే ఆవిడకి. రిసీవర్ పైమూతకున్న చీలికల్లోంచి వేడి బయటికి పోవాలి, కప్పితే లోపల ఉడికిపోతుంది. రెండుసార్లు తీసేశాను, రెండుసార్లూ మళ్ళీ ఎక్కింది. చివరికి ఒప్పందం కుదిరింది. పగలంతా గుడ్డ బల్ల సొరుగులో ఉంటుంది. రాత్రి స్విచ్ కట్టేసి, పెట్టె చల్లబడ్డాక, ఆవిడే కప్పి పడుకుంటుంది. పొద్దున లేచి దాన్ని మడతపెట్టడం నాన్న పని.