గరగరలాడే ఇంజన్, వినని కంపెనీ

ఈ కారును నాలుగేళ్లకు పైగా నడుపుతున్నాను. స్టీరింగ్ తేలిక, దూరప్రయాణం చేసినా నడుము పట్టదు, మైలేజీ మీద ఫిర్యాదు లేదు. ఇవన్నీ కొన్న మొదటి వారంలో రాసే సమీక్షల్లోనే దొరుకుతాయి కాబట్టి ఇంతటితో వదిలేస్తాను. బండిలో లోపం తలెత్తినప్పుడు కంపెనీ ఎలా మసలుకుంటుందో మాత్రం వాటిలో ఉండదు.

చప్పుడు మొదలైంది రెండో ఏట. రాత్రంతా ఆగి ఉన్న బండిని ఉదయం స్టార్ట్ చేయగానే ఇంజన్‌లో ఒక పక్క నుంచి గరగరమని శబ్దం, ఒకటి రెండు సెకన్లలో మాయం. ఇక రోజంతా ఏమీ ఉండదు. సర్వీస్ సెంటర్‌లో చెబితే అడ్వైజర్ బానెట్ ఎత్తి, స్టార్ట్ చేసి, "ఏ శబ్దమూ లేదు కదండీ" అన్నారు. ఎలా ఉంటుంది? అప్పుడే నడుపుకుంటూ వెళ్లిన బండి, ఇంజన్ ఇంకా కాగుతూనే ఉంది. జ్వరం తగ్గాక నాడి చూసి జబ్బే లేదన్నట్టుంది ఆ పరీక్ష.

రాత్రికి మీ దగ్గరే ఉంచుకుని పొద్దున్నే వినండి అన్నాను. ఉంచుకున్నారు. మరునాడు నేను వెళ్లేసరికి బండిని శుభ్రంగా కడిగి, జాబ్ కార్డు మీద "సమస్య కనిపించలేదు" అని రాసి పెట్టారు. కడగడానికి దాన్ని స్టార్ట్ చేసిన కుర్రవాడికి ఆ చప్పుడు వినిపించే ఉంటుంది. అతన్ని అడగాలని ఎవరికీ తోచలేదు.

ఇది అంతుపట్టని సమస్యేమీ కాదు. పిస్టన్ల కదలికకు తగ్గట్టు వాల్వులు తెరుచుకుని మూసుకునేలా చూసేది టైమింగ్ చైన్. దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ చాలా ఇంజన్లలో ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. బండి ఆగి ఉన్నప్పుడు అందులోని ఆయిల్ కిందికి జారిపోతే, మళ్లీ ఒత్తిడి అందేదాకా చైన్ వదులుగా ఆడుతూ, దాన్ని దారిలో ఉంచే పట్టీలైన గైడ్లకు కొట్టుకుంటుంది. అందుకే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, అదీ కొన్ని క్షణాలే వినిపిస్తుంది. ఆ క్షణాలు పెరుగుతూ పోతున్నాయంటే టెన్షనర్ అరిగిందేమో, చైన్ సాగిందేమో చూడాలి. సాగిన చైన్ ఏ రోజైనా తన పళ్ల చక్రం మీద ఒక పన్ను తప్పితే, చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

నా బండిలో ఆ రెండు సెకన్లు కాస్తా బాగా పెరిగాయి. కొన్నాళ్లకు ఇంజన్ వేడెక్కినా చిన్నగా గరగర మిగిలిపోవడం మొదలైంది. ఈసారి స్కానర్ తగిలించి "ఎర్రర్ కోడ్ రాలేదు కాబట్టి సమస్య లేదు" అన్నారు. పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ స్థానాలు సరిపోలడం లేదని చెప్పే పి0016 లాంటి కోడ్ రావాలంటే తేడా బండిలోని కంప్యూటర్ గుర్తించేంత ముదరాలి. అంతవరకూ ఆగమనా వారి ఉద్దేశం?

కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే ప్రతిసారీ కొత్త గొంతు, కథంతా మొదటి నుంచి. ఫిర్యాదును వాళ్లు తిప్పి పంపేది అదే సర్వీస్ సెంటర్‌కు. అక్కడి నుంచి వచ్చే జవాబు "ఈ మోడల్ లక్షణమే అంత". ఆ మాటను కాగితం మీద రాసివ్వమంటే ఎవరూ ముందుకు రారు. ఫిర్యాదు పరిష్కారమైందని సందేశం మాత్రం ఠంచనుగా వస్తుంది, కింద ఎన్ని నక్షత్రాలు ఇస్తారన్న ప్రశ్నతో సహా.

వారంటీ ముగిసింది. అప్పటిదాకా "మోడల్ లక్షణం" అయిన చప్పుడు ఆ తర్వాత వెళ్లేసరికి "సహజమైన అరుగుదల" అయింది, ఖర్చంతా నాదే అన్నారు. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. లోపం ఏ బండికైనా రావచ్చు, దాని పేరు తేదీని బట్టి మారడమేమిటి?

ఈ బండి కొన్నవారికి ఒక మాట. జాబ్ కార్డులో ఊరికే "శబ్దం" అని రాయనివ్వకండి. "చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు గరగర" అని రాయించి, నకలు తీసుకోండి. పొద్దున్నే తీసే వీడియోలో కిలోమీటర్ల రీడింగ్ కూడా కనిపించాలి. వారంటీలోనే ఫిర్యాదు చేశానని నేను ఈరోజు వాదించగలుగుతున్నది ఆ కాగితాల వల్లే. వాటిని జతచేసి కంపెనీకి రాశాను, "పరిశీలనలో ఉంది" అన్నారు.

ఈలోగా బయటి మెకానిక్ ఒకాయన స్టెతస్కోప్ పెట్టి విని, టెన్షనర్ మీదే అనుమానం అన్నారు. వచ్చే వారం చైన్ మీది ఇంజన్ కవరు విప్పుతారు. తీసిన పాత భాగాలన్నీ నాకే ఇవ్వాలని ముందే చెప్పాను.