పొరలు తీసే మెమరీ ఫోమ్ దిండు: కియారి ఉన్న టీనేజర్ మెడకు ఎంతవరకు పనికొస్తుంది?

ముందే చెప్పాలి, దిండుతో కియారి తగ్గదు. చిన్నమెదడు కింది కొసలు, డాక్టర్లు టాన్సిల్స్ అనేవి, పుర్రె అడుగు రంధ్రం దాటి సాధారణంగా 5 మిల్లీమీటర్లో అంతకుమించో కిందికి దిగితే మొదటి రకం కియారి అంటారు. ఏ ఫోమూ వాటిని పైకి నెట్టదు. అట్టపెట్టె మీద ‘న్యూరో’ అని అచ్చేసినంత మాత్రాన నమ్మక్కర్లేదు. రాత్రంతా మెడ వంకర పోకుండా చూడటమే దిండు పని. పొద్దున్నే మెడ పట్టేసి లేచే పిల్లలకు అదీ తక్కువేం కాదు.

ఇక్కడ చెప్తున్నది చదునుగా ఉండే దిండు గురించి. లోపల 6, 4, 2 సెంటీమీటర్ల పొరలు మూడు ఉంటాయి. మార్చి మార్చి పేరిస్తే 6, 8, 10, 12 ఎత్తులు వస్తాయి. అలల ఆకారం దిండ్లు కూడా దొరుకుతాయి గానీ, మెడ పొట్టిగా ఉన్న పిల్లలకు ఆ గట్టు సరిగ్గా పుర్రె వెనక, నొప్పి ఉండే చోటే ఒత్తుకుంటుంది. చదునుదే మేలు.

ఎత్తు వయసును బట్టి కాదు, కొలిచి పెట్టాలి. పక్కకు తిరిగి పడుకునే అలవాటుంటే భుజం గోడకు ఆనించి నిలబెట్టండి. తల నిటారుగా ఉంచి, గోడకూ తలకూ మధ్య ఖాళీని చెవి దగ్గర స్కేలుతో కొలవండి. 13 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. పడుకున్నప్పుడు భుజం పరుపులోకి 3 దిగితే మిగిలేది 10. తల బరువుకు ఫోమ్ ఇంకో 2 అణిగితే పెట్టాల్సింది 12. పరుపు గట్టిదైతే భుజం అంత దిగదు, అప్పుడు ఈ లెక్క మారుతుంది. ఆ తర్వాత పడుకోబెట్టి వెనక నుంచి ఫోటో తీయండి: మెడ, వెన్ను ఒకే గీతలో ఉండాలి. వెల్లకిలా పడుకునేవాళ్ళకు ఇంత ఎత్తు అక్కర్లేదు. గడ్డం ఛాతీ వైపు వంగిందంటే ఒక పొర తీసేయాలి, తల వెనక్కి వాలిపోతుంటే ఒకటి చేర్చాలి.

ఈ దిండుకు డబ్బు పెట్టడానికి అసలు కారణం ఎదుగుదలే. భుజాలు వెడల్పయ్యేకొద్దీ నిరుడు సరిపోయిన ఎత్తు ఈ ఏడు చాలదు. మామూలు దిండైతే కొత్తది కొనాలి, దీనికైతే దాచిన పొర తిరిగి పెడితే చాలు. ఆరు నెలలకోసారి కొలవండి. తీసిన పొరను చుట్టి కట్టేయకుండా బీరువాలో చదునుగా పరచండి, లేకపోతే మడత దగ్గర శాశ్వతంగా గాడి పడుతుంది.

లోపాలూ ఉన్నాయి. కొత్తలో రసాయనాల వాసన వస్తుంది, గలీబు విప్పి గాలికి రెండు మూడు రోజులు ఆరబెట్టాలి. చలికి ఫోమ్ బిగుసుకుంటుంది, అందుకే పడుకున్న కాసేపటి దాకా ఎత్తు ఎక్కువనిపిస్తుంది. వేడి పట్టి ఉంచుతుంది, తల చెమట పడుతుంది. గలీబును ఉతకొచ్చు గానీ ఫోమ్‌ను కాదు, తడిస్తే లోపల తొందరగా ఆరదు. నొక్కి వదిలాక గుంట అలాగే ఉండిపోతే దాని పనైపోయినట్టే.

దీనితోపాటు ‘ఉచితం’ అని అంటగట్టే మెడ సాగదీసే ఊయల పట్టీని మాత్రం వాడొద్దు. కియారి ఉన్నవాళ్ళ మెడను డాక్టర్ చెప్పకుండా లాగడం, విరవడం ప్రమాదం.

దగ్గినా, తుమ్మినా, విరేచనానికి ముక్కినా, పడీ పడీ నవ్వినా తల వెనక పోటు పొడిచి కాసేపట్లో తగ్గే నొప్పి వేరు. ఆ ఒత్తిడికి ఇరుకు రంధ్రం దగ్గర మెదడు చుట్టూ ఉండే ద్రవం సాఫీగా కదలకపోవడం దానికి కారణం. దాని విషయంలో దిండు చేసేదేమీ లేదు, మలబద్ధకం లేకుండా చూసుకుంటేనే ఎక్కువ ఉపయోగం. ఈ దిండుకు ఐదుకు మూడున్నరే ఇవ్వడం అందుకే.

ఎత్తు సరిగ్గా కుదిరాక కూడా గట్టిగా గురక పెడుతున్నా, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తున్నా పొరలు మారుస్తూ కూర్చోకండి. నిద్ర పరీక్ష అవసరమేమో డాక్టర్‌ని అడగండి. చేతులు మొద్దుబారుతున్నా, వేడి గిన్నె పట్టుకున్నా కాలిన సంగతి తెలియకపోయినా, మింగేటప్పుడు పొలమారుతున్నా, వెన్ను ఒక పక్కకు ఒంగుతున్నట్టు కనిపించినా డాక్టర్‌కి చెప్పండి. వెన్నుపాములో నీటి సంచి, అంటే సిరింక్స్, ఏర్పడిందేమో ఎంఆర్ఐలోనే తేలుతుంది.