దూరం నుంచి గ్రీస్ ఫుట్‌బాల్: ఏళ్ళ తరబడి చూశాక నా సమీక్ష

గ్రీస్ జాతీయ జట్టు చివరిసారిగా పెద్ద టోర్నీ ఆడింది 2014 ప్రపంచకప్‌లో. ఐవరీ కోస్ట్ మీద ఇంజురీ టైమ్‌లో సమరాస్ పెనాల్టీ కొట్టి జట్టును మొదటిసారి ప్రపంచకప్ నాకౌట్‌కు చేర్చాడు. అక్కడ కోస్టారికా చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో ఓడిపోయింది. అప్పటి నుంచి మూడు యూరో కప్‌లు, మూడు ప్రపంచకప్‌లు చేజారాయి. టోర్నీలు మాత్రమే చూసేవాళ్ళకు ఈ జట్టు ఒక పుష్కరం పాటు కనిపించనే లేదన్నమాట. గ్రీస్‌ను ఫాలో అవ్వాలంటే క్వాలిఫయర్లు, నేషన్స్ లీగ్ (యూరప్ జాతీయ జట్ల మధ్య అంచెలవారీగా జరిగే లీగ్) చూడాల్సిందే. అవేమో చాలావరకు మనకు అర్ధరాత్రి దాటాక జరుగుతాయి. ఇప్పుడున్న కుర్రాళ్ళ ఆట కోసం ఆ నిద్ర వదులుకోవచ్చని నా గట్టి నమ్మకం. కాకపోతే ముందు కొన్ని ఏర్పాట్లు చేసుకోవాలి, పాయింట్ల పట్టికను సరిగ్గా చదవడం నేర్చుకోవాలి.

మొదట వేళల సంగతి. చలికాలంలో గ్రీస్ కంటే మనం మూడున్నర గంటలు ముందుంటాం, వేసవిలో రెండున్నర గంటలు. జాతీయ జట్టు మ్యాచ్‌లు ఎక్కువగా అక్కడి గడియారంలో రాత్రి 9:45కి మొదలవుతాయి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో అది మనకు 12:15, నవంబర్‌లో 1:15. తేదీ కూడా మారిపోతుంది: గురువారం మ్యాచ్ అని రాసి ఉంటే మనకు అది శుక్రవారం తెల్లవారుజాము. ఫోన్ క్యాలెండర్‌లో మ్యాచ్‌ను ఏథెన్స్ టైమ్ జోన్‌తో నమోదు చేసుకుంటే ఈ గొడవ ఉండదు, మనం చేత్తో లెక్క కట్టక్కర్లేదు. యూరప్‌లో గడియారాలు మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాల్లో మారతాయి. 2026 మార్చిలో ఆ ఆదివారం (29వ తేదీ) అంతర్జాతీయ మ్యాచ్‌ల విరామం మధ్యలోనే పడింది. అలాంటప్పుడు ఒకే వారంలో రెండు మ్యాచ్‌లుంటే రెండింటికీ మన వేళల్లో గంట తేడా వస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. అక్కడ గడియారం మార్చి రెండో ఆదివారమే ముందుకు జరుగుతుంది. న్యూజెర్సీకి, ఏథెన్స్‌కు మామూలుగా ఏడు గంటల తేడా. ఆ రెండు మూడు వారాలు మాత్రం ఆరే. మధ్యాహ్నం 2:45 అనుకున్న మ్యాచ్ 3:45కి మొదలవుతుంది. ఆఫీసులో పర్మిషన్ అడిగేముందు ఇది సరిచూసుకోవాలి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళే అదృష్టవంతులు: దుబాయ్‌లో వేసవిలో రాత్రి 10:45, చలికాలంలో 11:45.

మన దేశంలో యూఏఫా (యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య) జాతీయ జట్ల మ్యాచ్‌ల హక్కులు 2028 వరకు సోనీ దగ్గర ఉన్నాయి కాబట్టి క్వాలిఫయర్లకు, నేషన్స్ లీగ్‌కు దొంగ లింకుల వెంట పడాల్సిన పని లేదు. అయితే ఒకే వేళకు ఏడెనిమిది మ్యాచ్‌లు నడిచే రాత్రుల్లో టీవీ చానెళ్ళు అన్నింటికీ సరిపోవు. గ్రీస్, బెలారస్ మ్యాచ్ కావాలంటే యాప్‌లోనే వెతకాలి. మ్యాచ్‌కు పది నిమిషాల ముందు వెతుకులాట పెట్టుకోకండి, సాయంత్రమే చూసి పెట్టుకోండి. యాప్ వీడియో నిజమైన ఆట కంటే అర నిమిషమో, ఇంకా ఎక్కువో వెనక నడుస్తుంది. స్కోర్ యాప్ నోటిఫికేషన్ మాత్రం అప్పటికే మోగేస్తుంది. మ్యాచ్ మొదలయ్యే ముందు దాన్ని ఆపేసుకోకపోతే ప్రతి గోల్ ముందే తెలిసిపోతుంది.

గ్రీక్ లీగ్ చూడటం ఇంతకంటే కష్టం. అక్కడ లీగ్ మొత్తానికి ఒకే టీవీ ఒప్పందం లేదు, ఏ క్లబ్‌కు ఆ క్లబ్ తన సొంత మైదానంలో ఆడే మ్యాచ్‌లను అమ్ముకుంటుంది. కాబట్టి ఒక జట్టు సొంత మైదానంలో ఆడే మ్యాచ్ ఒక చానెల్‌లో, బయట ఆడే మ్యాచ్ ఇంకో చానెల్‌లో వస్తుంది. బయటి దేశాల వాళ్ళకు ఆ చందాలు తీసుకోవడం అయ్యే పని కాదు. లీగ్ వరకు నేను హైలైట్స్, రేడియోతో సరిపెట్టుకోమంటాను. ప్రభుత్వ రేడియో స్పోర్ట్స్ స్టేషన్ ఈరా స్పోర్‌లో వ్యాఖ్యానం గ్రీకులోనే అయినా, ఆటగాళ్ళ పేర్లు చెవికి పట్టుబడితే బంతి ఎవరి దగ్గరుందో, ప్రమాదం ఎటునుంచి వస్తోందో గొంతును బట్టే తెలిసిపోతుంది.

చదవడానికి గజ్జెట్టా, స్పోర్ట్ 24 లాంటి గ్రీకు సైట్లే గతి. గ్రీక్ ఫుట్‌బాల్ వార్తలు ఇంగ్లీషులో వచ్చేది తక్కువ, అదీ ఆలస్యంగా. బ్రౌజర్ అనువాదం వాడితే పని జరుగుతుంది గానీ అది జట్ల పేర్లను కూడా మామూలు మాటలనుకుని అనువదించేస్తుంది. అందుకని లీగ్‌లోని 14 క్లబ్బుల పేర్లు గ్రీకు లిపిలో ఎలా ఉంటాయో గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్ళకు సగం అక్షరాలు ఎలాగూ వచ్చు. మోసం చేసేవి పెద్దక్షరాలే: ఇంగ్లీషు పి లా కనిపించేది ‘ర’, హెచ్ లా ఉండేది ‘ఈ’, బి లా ఉండేది ‘వ’, ఎక్స్ లా ఉండేది ‘ఖ’. ఈ నాలుగూ వస్తే స్కోర్‌బోర్డు చదివేయొచ్చు. పొట్టి పేర్లతోనూ జాగ్రత్త. పావో అంటే ఏథెన్స్‌లోని పనథినైకోస్, పావోక్ అంటే థెస్సలొనీకి జట్టు. ఒక్క అక్షరమే తేడా.

ఆటగాళ్ళ పేర్లు ఇంకో తలనొప్పి. జట్టులో అరడజను మంది కాన్‌స్టాంటినోస్‌లు ఉంటారు: కోస్తాస్ సిమికాస్, దీనోస్ మావ్రోపానోస్, గోల్‌కీపర్ జోలాకిస్, డిఫెండర్ కులియెరాకిస్, వింగర్ కరెట్సాస్, అందరిదీ అసలు పేరు అదే. ఒక్కో సైట్ ఒక్కోలా, ముద్దుపేరో పూర్తి పేరో రాస్తుంది. కాన్‌స్టాంటెలియాస్‌కు మాత్రం అది ఇంటిపేరు, సొంత పేరు యానిస్. జోలాకిస్ గోల్‌కీపర్, జోలిస్ ఎడమ వింగర్. మొదట్లో ఇంటిపేర్లతోనే గుర్తుపెట్టుకోవాలి.

ఇక అసలు విషయం, పాయింట్ల పట్టిక. గ్రీస్ అభిమానికి ఇది రాకపోతే ఏ మ్యాచ్ ఎందుకు ముఖ్యమో అర్థం కాదు. పాయింట్లు సమానమైతే నేషన్స్ లీగ్‌లో ముందు ఆ రెండు జట్ల ముఖాముఖి ఫలితాలు చూస్తారు. ప్రపంచకప్ క్వాలిఫయర్లలో ముందు చూసేది మొత్తం గోల్ తేడా. యూరో క్వాలిఫయర్లలో మళ్ళీ ముఖాముఖే. చాలా స్కోర్ యాప్‌లు మధ్యలో అన్నింటినీ గోల్ తేడా ప్రకారమే పేర్చేస్తాయి, వాటిని నమ్మి సంబరపడకూడదు.

2024 నేషన్స్ లీగ్ దీనికి మంచి ఉదాహరణ. అక్టోబర్ 10న వెంబ్లీలో గ్రీస్ 2–1తో ఇంగ్లండ్‌ను ఓడించింది. పనథినైకోస్ డిఫెండర్, గ్రీస్ తరఫున 12 మ్యాచ్‌లాడిన జార్జ్ బాల్డాక్ చనిపోయిన మర్నాటి మ్యాచ్ అది. స్ట్రైకర్ పావ్లిడిస్ 49వ నిమిషంలో గోల్ కొట్టాక ఆటగాళ్ళంతా బాల్డాక్ జెర్సీని ఎత్తి పట్టుకున్నారు. 87వ నిమిషంలో బెల్లింగ్‌హామ్ స్కోరు సమం చేస్తే, ఇంజురీ టైమ్ నాలుగో నిమిషంలో మళ్ళీ పావ్లిడిసే గెలిపించాడు. ఇంగ్లండ్‌ను గ్రీస్ ఓడించడం అదే మొదలు. ఆ గ్రూప్‌లో గ్రీస్‌కు అగ్రస్థానం చేతికందేంత దూరంలో ఉంది. కానీ నవంబర్ 14న ఏథెన్స్‌లో ఇంగ్లండ్ చేతిలో 0–3తో ఓడింది. చివరికి రెండు జట్లకూ 15 పాయింట్లే. ముఖాముఖి లెక్కలో ఇంగ్లండ్‌వి నాలుగు గోల్స్, గ్రీస్‌వి రెండు. గ్రీస్‌కు రెండో స్థానం మిగిలింది.

అప్పుడు చాలామంది అది పెద్ద నష్టమనుకోలేదు. ఎందుకంటే 2025 మార్చిలో ప్లేఆఫ్ దారిలో గ్రీస్ ఎలాగూ ‘బి’ లీగ్ నుంచి పై అంచె అయిన ‘ఎ’ లీగ్‌కు ఎక్కింది. సొంతగడ్డపై స్కాట్లాండ్‌తో 0–1తో ఓడి, గ్లాస్గో వెళ్ళి 3–0తో గెలిచింది. గోల్స్ కాన్‌స్టాంటెలియాస్, కరెట్సాస్, జోలిస్‌వి. బెల్జియంలో పుట్టి పెరిగిన కరెట్సాస్‌కు అప్పటికి 17 ఏళ్ళు, ఆ వారమే గ్రీస్ తరఫున మొదటిసారి ఆడాడు. అయితే నేషన్స్ లీగ్ నుంచి 2026 ప్రపంచకప్ ప్లేఆఫ్‌లకు వెళ్ళే నాలుగు చోట్లు గ్రూప్ విజేతలకే ఇస్తారు. ప్లేఆఫ్ గెలిచి పై లీగ్‌కు ఎక్కినవాళ్ళకు అందులో వాటా లేదు. 2025 శరత్కాలంలో ప్రపంచకప్ క్వాలిఫయర్లలో డెన్మార్క్ చేతిలో 0–3, 1–3, స్కాట్లాండ్ చేతిలో 1–3 ఓడి గ్రీస్ దారి మూసుకుపోయినప్పుడు, ఆ నాలుగు చోట్లు రొమేనియా, స్వీడన్, నార్తర్న్ ఐర్లండ్, నార్త్ మాసిడోనియాలకు వెళ్ళాయి. అవన్నీ ‘బి’ కంటే కిందిదైన ‘సి’ లీగ్ గ్రూపులు గెలిచిన జట్లు. ‘బి’ లీగ్‌లో ఇంగ్లండ్ పైన నిలిచి ఉంటే గ్రీస్ వాటికంటే ముందుండేది. అంటే ఏథెన్స్‌లో ఆ నవంబర్ రాత్రి పోయింది ఒక్క మ్యాచ్ కాదు, ఏడాది తర్వాత అవసరమైన రెండో తలుపు కూడా. ఏ మ్యాచ్ చూడాలని ఎవరైనా అడిగితే నేను ముందు ఇలాంటివే చెబుతాను.

ఆట ఎలా ఉంటుందంటే, 2004 యూరో కప్ గెలిచిన జట్టును గుర్తుపెట్టుకుని చూస్తే ఇప్పటి జట్టు వేరే దేశానిదేమో అనిపిస్తుంది. అప్పటి కోచ్ ఒట్టో రేహాగెల్ జట్టు నాకౌట్‌లో మూడు మ్యాచ్‌లూ 1–0తోనే గెలిచింది, మూడూ హెడర్లే: ఫ్రాన్స్ మీద కరిస్టెయాస్, చెక్ మీద డెల్లాస్, ఫైనల్లో పోర్చుగల్ మీద మళ్ళీ కరిస్టెయాస్. మనిషికి మనిషి కాపలా, వెనక ఒక అదనపు డిఫెండర్, కార్నర్ దొరికితే చాలు. 2024 ఆగస్టులో కోచ్‌గా వచ్చిన ఇవాన్ యొవానోవిచ్ జట్టు బంతి తన దగ్గరే ఉంచుకోవాలనుకుంటుంది. కాన్‌స్టాంటెలియాస్ ఎదుటి జట్టు మిడ్‌ఫీల్డ్, డిఫెన్స్ వరుసల మధ్య బంతి అందుకుని తిరగడం, కరెట్సాస్ కుడి పక్క నుంచి ఎడమ కాలితో లోపలికి దూసుకురావడం చూడముచ్చటగా ఉంటాయి. లోపమల్లా, బంతి పోయిన మరుక్షణం వెనక ఖాళీ మైదానం ఉంటుంది. డెన్మార్క్ దాన్నే వాడుకుంది. 2025 అక్టోబర్‌లో గ్లాస్గోలో సిమికాస్ గోల్‌తో ముందంజ వేసి, రెండు నిమిషాల్లోనే దాన్ని పోగొట్టుకోవడం ఈ జట్టు జబ్బును ఉన్నదున్నట్టు చూపించింది.

లీగ్‌ను వదిలేస్తే ఈ కుర్రాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో తెలియదు. కాన్‌స్టాంటెలియాస్, కులియెరాకిస్, జోలిస్ పావోక్ అకాడమీ బిడ్డలు. 2024 ఏప్రిల్‌లో ఫైనల్లో మిలాన్‌ను 3–0తో ఓడించి యూఏఫా యూత్ లీగ్ గెలిచిన ఒలింపియాకోస్ క్లబ్ కుర్రాళ్ళ జట్టులోంచి ముజాకిటిస్, కొస్తూలాస్ వచ్చారు. నెల తర్వాత పెద్దల జట్టు కూడా ఫియొరెంటినాపై ఎల్ కాబీ 116వ నిమిషం గోల్‌తో కాన్ఫరెన్స్ లీగ్ గెలిచి, యూరప్ కప్పు నెగ్గిన మొదటి గ్రీక్ క్లబ్ అయింది. లీగ్‌లో 14 జట్లు 26 రౌండ్లు ఆడతాయి, ఆపై మొదటి నాలుగూ తమలో తాము ఇంకో ఆరు ఆడి విజేతను తేలుస్తాయి. ఆ నాలుగూ పాత పాయింట్లన్నీ వెంట తెచ్చుకుంటాయి, కాబట్టి జనవరి ఆటలు కూడా లెక్కలోకి వస్తాయి.

లీగ్ కార్యక్రమాన్ని నెల ముందు నమ్మి ప్లాన్ వేసుకోకండి. కచ్చితమైన వేళలు ఆలస్యంగా ఖరారవుతాయి. అభిమానుల హింస కూడా ఒక కారణం: 2023 డిసెంబర్‌లో ఒక పోలీసు గాయపడ్డాక (తర్వాత ఆయన చనిపోయారు) ప్రభుత్వం రెండు నెలల పాటు లీగ్ మ్యాచ్‌లన్నీ ప్రేక్షకులు లేకుండా ఆడించింది. బయటి జట్టు అభిమానులను స్టేడియంలోకి రానివ్వకపోవడం అక్కడ మామూలే.

ఏథెన్స్ వెళ్ళి చూసే వీలున్నవాళ్ళకు రెండు మాటలు. టికెట్ మీద మీ పేరే ఉండాలి, గేటు దగ్గర గుర్తింపు చూస్తారు, కాబట్టి కొనేటప్పుడు పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరే అక్షరం పొల్లుపోకుండా ఇవ్వండి. జాతీయ జట్టుకు శాశ్వతమైన ఇల్లు లేదు. ఇంగ్లండ్‌తో ఒలింపిక్ స్టేడియంలో ఆడింది, స్కాట్లాండ్‌తో పిరేయస్‌లోని కరైస్కాకిస్‌లో. వేదిక ప్రకటించాకే హోటల్ బుక్ చేయండి. మూడు పెద్ద మైదానాలూ మెట్రో ఒకటో లైన్, అంటే ఆకుపచ్చ లైన్ మీదే ఉన్నాయి. కరైస్కాకిస్‌కు పిరేయస్ వైపు వెళ్ళే రైలెక్కి ఫాలిరో స్టేషన్‌లో దిగితే ఎదురుగానే స్టేడియం. ఏథెన్స్‌లోని ఇంకో క్లబ్ ఏఈకే మైదానానికి కిఫిసియా వైపు రైలెక్కి పెరిసోస్‌లో దిగి కాస్త నడవాలి. ఒలింపిక్ స్టేడియానికి అదే రైల్లో ఇంకాస్త ముందుకెళ్ళి ఇరీనిలో దిగాలి.